రంగు కింద కొక్కెం

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి ముందే చెప్పేస్తే తర్వాత మీరే కనిపెట్టారన్న తృప్తి మీకు మిగలదు. నా గొంతు రైల్వే స్టేషన్ దాకా వినిపిస్తుందని మా ఇంటావిడ పర్వీన్ అంటుంది. మా ఇల్లు స్టేషన్‌కి రెండు వీధుల అవతలే కాబట్టి అదేమంత గొప్ప కాదు.

తాడేపల్లిగూడెంలో బరువులెత్తే పని నాది. ఇరవై ఆరేళ్లయింది. రైసుమిల్లు బాయిలర్ దింపాలన్నా, జనరేటర్ మేడ మీదకి ఎక్కించాలన్నా, క్రేను దూరని చోటికి మదార్ మేస్త్రీనే పిలుస్తారు. పిలిచినవాళ్లకి నేను చెప్పే మొదటి మాట ఒకటే. ఇన్నేళ్లలో నా చేతి కింద ఒక్క బరువు కూడా జారలేదు. చేత్తో గొలుసు లాగి బరువెత్తే చైన్ బ్లాకులు, గొలుసులు ఎవరైనా కొనుక్కోవచ్చు. ఆ మాట మాత్రం మార్కెట్లో దొరకదు. నా పరువూ నా అన్నమూ దాని మీదే ఉన్నాయి.

నాతో ఇద్దరు మనుషులుంటారు. ఏసుకుమార్ పదిహేనేళ్లుగా నాతోనే ఉన్నాడు. చేతుల్లో పనితనం ఉంది, నోట్లోంచి మాట రాదు. రాంబాబుది కొల్లేటి పక్క ఊరు. చేపల చెరువుల్లో వలలు లాగి లాగి పెంచిన భుజాలతో వచ్చి, ఇప్పుడు నా గొలుసులు లాగుతున్నాడు.

చాలామందికి హుక్కు అంటే వంకర తిరిగిన ఇనప ముక్క. ఆ మాట నా ముందు అన్నవాళ్లకి అరగంట క్లాసు తప్పదు. పైన గుండ్రటి కన్నున్నది ఐ హుక్కు. గొలుసు కొసకో తీగతాడు కొసకో ఒకసారి తగిలిస్తే కాపురానికి వచ్చినట్టు అక్కడే ఉండిపోతుంది. స్వివెల్ హుక్కు మెడ దగ్గర తిరుగుతుంది కాబట్టి, గాల్లో బరువు గిర్రున తిరిగినా పైనున్న గొలుసు మెలిక పడదు. గ్రాబ్ హుక్కుకి నోరు సన్నం. గొలుసులో ఒక లింకుని పట్టుకుని వదలదు, గొలుసుని పొట్టి చేసుకోవడానికే అది. ఫౌండ్రీ హుక్కుకి నోరు పెద్దది, పోతపోసే చోట అచ్చుపెట్టెల చెవుల్లోకి దూరడానికి. దానికి నోటికి అడ్డం పడే లాచ్ ఉండదు. అలాంటిదాన్ని తీసుకొచ్చి బరువు చుట్టూ కట్టే మామూలు బెల్టు తగిలించేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పీపాలెత్తడానికి జంట హుక్కులు, ఇనప రేకు చుట్టలకి సి ఆకారంలోవి వేరే ఉన్నాయి. ఎస్ హుక్కు కూడా ఉంది. చొక్కా తగిలించుకోవడానికి బాగుంటుంది.

ఏ హుక్కయినా బరువు దాని పొట్టలో కూర్చోవాలి, కొన మీద కాదు. నోరు సాగినా, మెడ మెలిపడినా, ఎక్కడన్నా వెంట్రుకంత చీలిక కనబడినా ఆ హుక్కుకి కాలం చెల్లినట్టే. అలాంటివాటిని యజమాని ఎవరైనా సరే, అక్కడికక్కడే గ్యాస్ కట్టర్‌తో రెండు ముక్కలు చేయిస్తాను. చేయించేటప్పుడు నాలుగు మాటలు కూడా అంటాను. ఆ నాలుగు మాటలకే చాలామంది నా మీద గుర్రుగా ఉంటారు.

మొన్న నవంబరులో సుబ్బాయమ్మగారు ఫోన్ చేయించారు. గుండుగొలను దాటి కొల్లేటి వైపు దిగితే ఆవిడ ఐసు ఫ్యాక్టరీ ఉంది. చెరువుల్లో పట్టిన చేపలు పెట్టెల్లోకెక్కి కలకత్తా లారీ ఎక్కాలంటే ఆవిడ ఐసు పడాల్సిందే. పాత కంప్రెసర్ మూలపడింది. కొత్తది వచ్చి గుమ్మం ముందు టార్పాలిన్ కప్పుకుని కూర్చుంది. పాతదాన్ని బయటికి తీసి కొత్తదాన్ని దిమ్మ మీద కూర్చోబెట్టాలి. గట్టు రోడ్డు మీదకి క్రేను రాదు, వచ్చినా ఆ రేకుల షెడ్డులో దూరదు. రెండు రోజులకి మించి ఐసు ఆగితే చేపలవాళ్లు ఇంకో ఫ్యాక్టరీ చూసుకుంటారని ఆవిడ ముందే చెప్పారు.

వెళ్లి చూశాను. మెషిన్ రూములో పైన అడ్డంగా రెండు ఇనప గడ్డర్లున్నాయి, ఒకటి దిమ్మకి పైన, ఇంకోటి గుమ్మం దగ్గర. దిమ్మకి పైనున్న గడ్డరుకి ఫ్యాక్టరీ వాళ్ల సొంత చైన్ బ్లాకే వేలాడుతోంది. గుమ్మం దగ్గర గడ్డరుకి నాది కడతాను. పాత కంప్రెసర్ని ఆవిడ హుక్కు ఎత్తుతుంది, గాల్లో ఉండగానే నా హుక్కు అందుకుంటుంది, ఆవిడది మెల్లగా వదులుతుంది. మా పనిలో దీన్ని చేతులు మార్చడం అంటాం. మధ్యలో కాసేపు ఆ రెండు టన్నుల ఇనుము రెండు హుక్కుల మీదా ఉంటుంది. ఏ ఒక్కటి మోసం చేసినా రెండోదాని మీద ఒక్కసారిగా పడుతుంది.

ఆవిడ హుక్కు చూడగానే నా కోపం నిద్ర లేచింది. నిగనిగలాడే ఎర్ర ఎనామిల్ రంగు, దాని మీద పసుపు, దాని మీద కుంకుమ. దసరాకి ఆయుధపూజ చేసినప్పుడు ఈ చుట్టుపక్కల మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో కదిలే ప్రతి ఇనుముకీ రంగేస్తారు. మోటార్లకీ తలుపులకీ వేసుకోండి, ఎవరు వద్దన్నారు. హుక్కుకి వేస్తే కింద ఏముందో ఎవరికి తెలుస్తుంది? ఏడాదికో పూత చొప్పున పాతికేళ్ల రంగు పేరుకుని, ఆ హుక్కు అసలు మందం కన్నా రెట్టింపుగా కనబడుతోంది.

రంగంతా గీకి, ఉక్కు బయటపడ్డాక మందు కొట్టి పరీక్ష చెయ్యకపోతే దాన్ని ముట్టుకోనని చెప్పాను. కొంచెం గట్టిగానే చెప్పాను. ఏసుకుమార్ నేల చూశాడు. రాంబాబు తలుపు చూశాడు. సుబ్బాయమ్మగారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, అరవై ఏళ్ల మనిషి, కొంగు సర్దుకుని నా మొహంలోకి చూశారు. పూజ చేసిన వస్తువుని గీకుతావా అంటారనుకుని జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను.

“గీకండి మదార్ గారూ, నాకేం అభ్యంతరం లేదండీ,” అన్నారావిడ. “మరి మీదీ గీకండి. రెండూ ఒకే బరువు మొయ్యాలి కదండీ.”

నాకు నవ్వొచ్చింది. నా హుక్కుకీ రంగుంది, నిజమే. ఏటా రంజాన్‌కి ముందు నా సామానంతటికీ పసుప్పచ్చ రంగు నేనే స్వయంగా వేస్తాను. మా సామాను ఎవరిదో దూరం నుంచే తెలియాలని. అయినా నా హుక్కు సంగతి వేరు, దాన్ని నేను రోజూ చూస్తూనే ఉంటానండీ అని చెప్పాను. తనదాన్ని తను కూడా రోజూ చూస్తూనే ఉంటానని ఆవిడ అన్నారు.

సరే, ఇద్దరివీ గీకుదాం, ఈవిడ ముచ్చట ఎందుకు కాదనాలి అనుకున్నాను. ఏసుకుమార్ మాత్రం, మన హుక్కు ఎందుకండీ, టైమ్ దండగ కదండీ అని నసిగాడు. పదిహేనేళ్లలో నా సామానుని అంతగా వెనకేసుకొచ్చింది అప్పుడే. నాకు ముచ్చటేసింది కూడా.

రంగు ఊడగొట్టే మందు రాసి, వైరు బ్రష్షుతో రుద్దితే గంటలో రెండూ బూడిదరంగు ఉక్కు తేలాయి. ఆ పరీక్షకి మూడు స్ప్రే డబ్బాలుంటాయి. ఒకటి తుడవడానికి. రెండోదాంట్లో ఎర్రటి నీళ్లలాంటి మందు, చీలిక ఎంత సన్నగా ఉన్నా లోపలికి ఇంకిపోతుంది. పది నిమిషాలాగి పైపైన తుడిచేసి, మూడో డబ్బాలోని తెల్లపొడి కొట్టాలి. చీలిక లేకపోతే హుక్కు సున్నం వేసిన గోడలా తెల్లగా ఉంటుంది. ఉంటే లోపల దాక్కున్న ఎరుపు బయటికొచ్చి గీతై కనబడుతుంది.

ఆవిడ హుక్కు తెల్లగా ఉంది. కొలత పెట్టి చూస్తే నోరు కూడా సాగలేదు. పాతకాలపు సరుకు, లక్షణంగా ఉంది. నిజం చెప్పాలంటే నాకు కొంచెం ఆశాభంగమైంది. అనాల్సిన నాలుగు మాటలూ నోట్లోనే మిగిలిపోయాయి.

తర్వాత నాదానికి తెల్లపొడి కొట్టాను. డబ్బా కింద పెట్టేలోపే మెడ దగ్గర ఒక చుక్క ఎర్రబడింది. చుక్క పక్కన ఇంకో చుక్క. చూస్తుండగానే రెండూ కలిసి అంగుళం పొడుగు గీత అయ్యాయి. వంగి చూస్తే ఆ గీత పక్కన ఉక్కు మీద చిన్న ఉబ్బు, దాన్ని గ్రైండర్‌తో నున్నగా చేసిన ఆనవాళ్లు. లాచ్‌ని పట్టి ఉంచే చెవి దగ్గర ఎవరో వెల్డింగ్ పెట్టారు.

హుక్కుకి వెల్డింగ్ పెట్టకూడదు. మా పనిలో అక్షరాభ్యాసం దాంతోనే. కాల్చి, సుత్తి దెబ్బలు కొట్టి, పద్ధతిగా చల్లార్చిన ఉక్కు అది. ఒక్కచోట వెల్డింగ్ వేడి తగిలిందంటే అక్కడ పెళుసెక్కిపోతుంది, ఆ పెళుసులోంచి చీలిక పుడుతుంది. ఈ ముక్క నేను ఎన్ని మిల్లుల్లో ఎంతమందికి అరిచి చెప్పానో లెక్కలేదు.

“ఎవడ్రా ఈ పని చేసింది?” అన్నాను. రేకులు అదిరాయి. బయట గట్టు మీదున్న కొంగలు లేచిపోయాయి.

ఏసుకుమార్ చేతిలో బ్రష్షు కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

“నేనేనండీ,” అన్నాడు. “మూడేళ్లయిందండీ. ఆటోలోంచి దించుతుంటే జారి పడి ఆ చెవి విరిగిందండీ. గేట్లు చేసే షాపులో అతికించి, మీ రంగే మిగిలితే పూసేశానండీ. చెబుదామనే అనుకున్నానండీ ప్రతిసారీ. మీ నోటికి భయపడి చెప్పలేదండీ.”

తిట్టడానికి నోరు తెరిచాను గానీ ఆ మూడేళ్లలో మేమెత్తినవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. బాయిలర్ డ్రమ్ము, ధాన్యం ఆరబెట్టే డ్రయ్యరు, భీమడోలులో జనరేటర్. ఆ జనరేటర్ ఈ హుక్కుకే వేలాడుతుండగా కింద ఇటుక అడ్డం పడితే, నేను వద్దని అరుస్తున్నా రాంబాబు పాక్కుంటూ వెళ్లి తీసి వచ్చాడు. రాంబాబు వైపు చూశాను. వాడికీ అదే గుర్తొచ్చినట్టుంది, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని ఆ ఎర్రగీతనే చూస్తున్నాడు.

నాకు సిగ్గేసింది. ఆ మాట ఇక్కడ సూటిగానే రాస్తున్నాను. రాంబాబుని ఏ హుక్కు కింద నిలబెట్టానో మూడేళ్లు నాకు తెలియదు. తెలియకుండా చేసింది నా నోరే. ఆ మూడేళ్లూ ఏటా రంజాన్‌కి ముందు ఆ చీలిక మీద కొత్తరంగు పూసి మురిసిపోయింది కూడా నేనే. ఒక్కసారయినా గీకి చూసుంటే ఏసుకుమార్ చెప్పకపోయినా ఉక్కే చెప్పేది. నా చేతి కింద బరువు జారలేదన్నది నా జాగ్రత్త కాదు, జారకపోవడం ఆ బరువుల మంచితనం.

సుబ్బాయమ్మగారు కుర్చీలోంచి లేవలేదు. తనదే ఇలా వచ్చుంటే ఏం చేసేవారండీ అని నెమ్మదిగా అడిగారు. నాలుగు చివాట్లు పెట్టి ముక్కలు చేయించేవాణ్ణండీ అని చెప్పాను.

“చివాట్లకి టైమ్ లేదండీ,” అన్నారు. “ముక్కలు చేయించండి.”

గ్యాస్ కట్టర్ నేనే పట్టుకున్నాను. మెడ దగ్గర కోస్తుంటే చీలిక ఉన్న వైపు కట్టర్ పూర్తిగా పోకముందే టప్పున విడిపోయింది. లోపల పాత తుప్పు నల్లగా ఉంది, సగం మందం దాకా. ముగ్గురం చూశాం.

రాంబాబు బండేసుకుని ఏలూరు వెళ్లి మూడు టన్నుల కొత్త చైన్ బ్లాకు, దాని టెస్ట్ సర్టిఫికెట్‌తో సహా తెచ్చేసరికి రెండు దాటింది. ఈలోగా ఏసుకుమార్, నేను దిమ్మ బోల్టులు విప్పాం. ఇద్దరం పక్కపక్కనే కూర్చుని రెండు గంటలు స్పానర్లు తిప్పాం. తిడితే బాగుండునని అతను ఎదురుచూస్తున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది. పన్నెండో బోల్టు దగ్గర ఆగి, రేపటి నుంచి ఏది విరిగినా ఆ రోజే చెప్పాలి, నేను అరిస్తే అరవనివ్వు, అయినా చెప్పు అన్నాను. సరేనండీ అన్నాడు. నమ్మినట్టు కనబడలేదు.

పాత కంప్రెసర్ లేచింది. బరువులెత్తేటప్పుడు సైగ చేసేది ఒక్కరే ఉండాలి. ఎత్తమనీ దించమనీ పదిమంది చేతులూపితే గొలుసు లాగేవాడికి పిచ్చెక్కుతుంది. కానీ ఆపమనే సైగ మాత్రం ఎవరు చేసినా ఆపాలి. ఈ నియమం అన్ని చోట్లా ఉంది, నా గ్యాంగులో తప్ప. నా గ్యాంగులో ఎత్తడానికైనా ఆపడానికైనా నా చెయ్యి ఒక్కటే లేస్తుంది.

దిమ్మ నుంచి రెండడుగులు పైకొచ్చింది. నా కొత్త హుక్కు అందుకుంది, గొలుసులు రెండూ బిగిశాయి. ఇక ఆవిడ హుక్కు వదలమని రాంబాబుకి సైగ చెయ్యబోతుండగా, అవతలి వైపు నిలబడ్డ ఏసుకుమార్ పిడికిలి బిగించి చెయ్యి పైకెత్తాడు.

రాంబాబు ఆగిపోయాడు. వాడి కళ్లు నా మీద ఉన్నాయి, ఏసుకుమార్ కళ్లూ నా మీదే ఉన్నాయి. ఎత్తిన చెయ్యి దించలేదు. నాకు నెత్తురు తలకెక్కింది. రెండు టన్నులు గాల్లో పెట్టుకుని నా పనిలో అడ్డం వస్తావా అన్న మాట పెదాల దాకా వచ్చింది. పళ్లు బిగించాను. వాక్యం మొత్తం మింగడానికి చాలాసేపే పట్టింది.

“చెప్పు,” అన్నాను.

తనవైపు కంప్రెసర్ అంచు పదునుగా ఉందని, బెల్టు దాని మీద ఒరుసుకుంటోందని, గోనెపట్టా నా వైపు పెట్టాం గానీ అటువైపు పెట్టలేదని చెప్పాడు. వెళ్లి చూశాను. బెల్టు దారాలు అప్పటికే నాలుగైదు తెగి లేచి ఉన్నాయి. ఆ బెల్టు కట్టింది నేను, సరిగ్గా ఉందని చూసుకున్నదీ నేనే.

మళ్లీ దిమ్మ మీదకి దించి, బెల్టు మార్చి, రెండు వైపులా గోనెపట్టాలు పెట్టి ఎత్తాం. చేతులు మారింది. పాతది రోలర్ల మీద గుమ్మం దాటింది. ఎండ కొల్లేటి మీద ఏటవాలుగా పడేసరికి కొత్తది దిమ్మ మీద బోల్టు కన్నాల్లో కచ్చితంగా కూర్చుంది. ఆ కూర్చునే చప్పుడు నాకు చాలా ఇష్టం. ఆ రోజు ఇంకా బాగుంది.

అందరం బయట కుర్చీలేసుకుని టీ తాగుతుంటే సుబ్బాయమ్మగారి తమ్ముడు సత్తిరాజుగారు వచ్చారు. ఆయనకి భీమడోలు దగ్గర ఇలాంటి ఫ్యాక్టరీయే ఉంది. లోపలికెళ్లి కంప్రెసర్ చుట్టూ తిరిగి చూసి, సంతోషించి వచ్చి కూర్చున్నారు. తన దగ్గర కూడా పెద్ద పని ఉందని, దీనికన్నా బరువని, ఎవరికి పడితే వాళ్లకి అప్పజెప్పడానికి భయమని అన్నారు. తర్వాత నా వైపు తిరిగి అందరూ చెప్పుకునే మాట అడిగారు. ఇన్నేళ్లలో మీ చేతి కింద ఒక్క బరువు కూడా జారలేదటగా, నిజమేనా అండీ అని.

సుబ్బాయమ్మగారు టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నారు. నేను అవునన్నా ఆవిడ కాదనరని నాకు అర్థమైంది. ఏసుకుమార్ కూడా అనడు. అబద్ధం కూడా కాదు. అవునండీ అంటే చాలు, పని నాది.

“జారలేదండీ,” అన్నాను. “జారాల్సింది. మూడేళ్లు చీలిన హుక్కుతో ఎత్తానండీ, నాకే తెలియదు. నా దగ్గర పనిచేసేవాళ్లు నాకు చెప్పడానికి భయపడ్డారండీ. ఇవాళ మీ అక్కగారు గీకించబట్టి బయటపడింది. ముక్కలు ఆ మూలనున్నాయి, చూస్తే చూడండి.”

సత్తిరాజుగారు నిజంగానే లేచి వెళ్లి చూశారు. చేతిలోకి తీసుకుని, ఆ నల్లటి సగం మీద బొటనవేలు పెట్టి చూసి, తిరిగొచ్చి కూర్చున్నారు. ఇరవై ఆరేళ్ల మాట అక్కడే అయిపోయిందనుకున్నాను. ఆశ్చర్యమేమిటంటే బాధ కన్నా ఒళ్లు తేలికైనట్టు ఎక్కువగా అనిపించింది. ఇక ఆ మాటని మొయ్యక్కర్లేదు కదా.

అయితే సోమవారం వచ్చి మా గడ్డర్లు చూస్తారా అని చివరికి ఆయన అడిగారు. నేను జవాబివ్వబోయి, ఆగి, ఏసుకుమార్‌ని అడగండీ అన్నాను.

ఏసుకుమార్ ఉలిక్కిపడి లేచాడు. గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకున్నాడు. పని ఇచ్చే పార్టీ ముందు అతను నోరు తెరవడం పదిహేనేళ్లలో అదే మొదలు.

“వస్తామండీ,” అన్నాడు. “మీ హుక్కులన్నీ రంగు గీకి ఉంచాలండీ. మా సామాను కూడా మీ ముందే గీకి చూపిస్తామండీ.” ఒక్క క్షణం నా వైపు చూసి, మళ్లీ ఆయన వైపు తిరిగాడు. “మేస్త్రీ గారు కట్టిన బెల్టులు కూడా నేనొకసారి చూస్తానండీ.”

నాకు కోపం వచ్చింది. బాగా వచ్చింది. సత్తిరాజుగారు నవ్వారు, రాంబాబు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

“చూడు,” అని, నా గ్లాసులో మిగిలిన టీ తాగేశాను.